అడ్డపొగ తాగే మా అమ్మమ్మ అంగిలి మీద తెల్ల పొర, ఎర్ర మచ్చ. అంగిలి, మెడ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గార_పిల్ల:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం, సముద్రం ఒడ్డున ఊరు. నేను వైజాగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను, వీలైనప్పుడల్లా ఇంటికి వెళ్తుంటాను. మా అమ్మమ్మకి డెబ్బై దాటాయి. పెళ్లి కాకముందు నుంచీ అడ్డపొగ అలవాటు. మన వైపు కానివాళ్ల కోసం చెప్తున్నా, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని, పెదాలు బిగించి పీల్చడం. సంతలో పొగాకు కొనుక్కొచ్చి తనే చుట్టుకుంటుంది. బట్టలు ఉతుకుతున్నా, చేపలు ఆరబెడుతున్నా నోట్లో చుట్ట ఉండాల్సిందే. మా వీధిలో ఆ వయసు ఆడవాళ్లలో చాలామందికి ఉంది కాబట్టి చిన్నప్పటి నుంచీ నాకు అదేమీ వింతగా అనిపించలేదు.

మొన్న వెళ్లినప్పుడు పులుసన్నం తింటూ "నోరు సురుక్కుమంతంది" అంది. గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి ఫోన్ లైటు కూడా వేసి చూశాను. ముందు పళ్ల వెనక నాలుకకి గరుకుగా తగిలే గీతలు ఉంటాయి కదా, అక్కడ మామూలుగానే ఉంది, కాస్త పాలిపోయింది అంతే. వాటి వెనక నుంచి అంగిలి అంతా బూడిద రంగు కలిసిన తెలుపు, సన్నగా బీటలు వారింది, ఆ తెలుపులో అక్కడక్కడా గుండుసూది తలంత ఎర్ర చుక్కలు. ఎడమ వైపు దవడ పళ్లకి దగ్గరగా ఒక చోట మాత్రం తెలుపు అసలు లేదు, కందిబద్ద కంటే కాస్త పెద్దగా, నున్నగా, ఎర్రగా ఉంది. నడిమధ్యలో ఎముక గట్టిదనంతో ఒక బొడిపె. వేలు పెట్టి నొక్కితే ఎక్కడా నొప్పి లేదంది. "నాకేటీ అవనేదు, మా యమ్మకీ ఇలాగే ఉండీది" అని చుట్ట తీసుకుని లేచి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మెడ కూడా తడిమి చూశాను. దవడ కింద రెండు పక్కలా మెత్తగా ఏదో తగులుతోంది, ఎడమ చెవి కింద గట్టిగా ఇంకోటి. అది బిళ్ల కట్టడమా, ఎముకా, ఏమీ తెలియడం లేదు.

నేను డిగ్రీలో చదివింది కామర్స్, అందుకే మొదటి నుంచీ అడుగుతున్నాను. అంగిలి లోపల ఏముంటుంది? నిప్పు అంత దగ్గరగా పెట్టుకున్నా ఇన్నేళ్లుగా ఎందుకు కాలలేదు, నొప్పి ఎందుకు లేదు? ఎర్ర చుక్కలు ఏమిటి? నోట్లో ఏదైనా అయితే మెడలో ఎందుకు తెలుస్తుంది? దయచేసి "గూగుల్ చూడు" అనకండి, చూశాను, ఇంకా భయం పెరిగింది.

పళ్ల_డాక్టర్_విజయనగరం:

అమ్మా, వివరంగా రాశారు, చాలా పని తేలికైంది. ముందు అసలు మాట చెప్పేస్తాను. మీరు చూసినవాటిలో తెల్ల పొర, చుక్కలు ఒక ఎత్తు, ఆ నున్నటి ఎర్ర మచ్చ ఇంకో ఎత్తు. ఆ మచ్చని ఈ వారంలోనే ఎవరైనా డాక్టర్‌కి చూపించండి. నొప్పి లేదు కదా అని వాయిదా వేయకండి, అంగిలి మీద మొదటి దశలో నొప్పి ఉండకపోవడమే ఎక్కువ. ఫోటో కూడా చూడకుండా అది ఏమిటో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. పూసపాటిరేగ, భోగాపురం వైపు తీరం ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఇలాంటి అంగిళ్లు నేను చూస్తూనే ఉంటాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక మీ ప్రశ్నలు. మేడ ఇంట్లో కింది గదికి కప్పు, పై గదికి నేల ఒకటే అయినట్టు, అంగిలి నోటికి కప్పు, ముక్కుకి నేల. ముందు భాగం గట్టిది, ఎముక ఉంటుంది. ఆ ఎముకలో దాదాపు ముప్పావు భాగం పైదవడ ఎముకదే, దాన్ని మాగ్జిలా అంటాం, వెనక పావు భాగం పాలటైన్ అనే వేరే ఎముక. అక్కడితో ఎముక అయిపోతుంది. దాని వెనక కొండనాలుక దాకా ఉన్నదంతా కండరమే. మింగేటప్పుడు అది పైకి లేచి ముక్కు దారి మూస్తుంది, అందుకే నీళ్లు ముక్కులోకి పోవు. గట్టి భాగానికి పైన రెండు పక్కలా, బుగ్గ ఎముకల వెనక, గాలి నిండిన గదులు ఉంటాయి, జలుబు ముదిరితే సైనస్ అంటారే, అవి. కాబట్టి అంగిలిలో పుండు లోతుకి వెళ్తే దాని పైన ఉన్నవి ముక్కు, సైనస్. ముక్కులోంచి నీళ్లు రావడం, ఒకే పక్క ముక్కు దిబ్బడ వేయడం లాంటివి అందుకే అడుగుతాం.

అంగిలి మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒక గీత ఉంటుంది. తల్లి కడుపులో ఉండగా రెండు పక్కల నుంచి వచ్చిన రెక్కలు కలిసి అతుక్కున్న చోటు అది, పన్నెండో వారానికల్లా ఆ అతుకు పూర్తవుతుంది. అతుక్కోకపోతే అంగిలి చీలికతో పుడతారు, మన వైపు గ్రహణం మొర్రి అని చంద్రగ్రహణం మీదికి నెట్టేస్తారు, పాపం ఆ తల్లి జీవితమంతా ఆ మాట పడుతుంది. ఆ గీత మీదే కొంతమందికి ఎముక కాస్త ఎత్తుగా పెరిగి బొడిపె కడుతుంది. టోరస్ అంటాం. ఆడవాళ్లలో ఎక్కువ, ఏ హానీ లేదు. మీరు చెప్పిన నడిమధ్య గట్టి బొడిపె అదే అయ్యుండొచ్చు. ఎన్నేళ్ల నుంచి ఉందో అమ్మమ్మనే అడగండి, చాలామందికి అది ఎప్పుడూ నాలుకకి తగులుతూనే ఉంటుంది.

ఎముక మీద ఉన్న పొర సంగతి ఇంకా ముఖ్యం. బుగ్గ లోపలి పొర మెత్తగా సాగుతుంది. అంగిలిది అలా కాదు, నమిలేటప్పుడు అన్నం రాపిడి పడే చోటు కాబట్టి పైన కెరాటిన్ అనే గట్టి పూత ఉంటుంది, అరచేతి చర్మం మీద ఉండేదీ ఆ పదార్థమే. మధ్య గీత వెంట, పళ్ల చిగుళ్ల దగ్గర ఆ పొర నేరుగా ఎముకకి అతుక్కుని ఉంటుంది, మధ్యలో మెత్తటి కణజాలం ఉండదు. అంగిలిలో ఇంజక్షన్ చేస్తే అంత బాధ పెట్టడానికి కారణం అదే, మందు చేరడానికి చోటు లేదు. ముందు పక్కల్లో పొర కింద కాస్త కొవ్వు ఉంటుంది. వెనక పక్కల్లో కొవ్వు బదులు చిన్న చిన్న ఉమ్మి గ్రంథులు వందల్లో ఉంటాయి. ప్రతి గ్రంథికీ పొర మీదికి తెరుచుకునే సన్నటి నాళం ఉంటుంది. మామూలుగా కంటికి కనబడదు.

ఇప్పుడు మీరు చూసింది అర్థమవుతుంది. ఏళ్ల తరబడి వేడి, పొగ తగిలి కెరాటిన్ పూత మందమెక్కింది, అదే ఆ బూడిద తెలుపు. నాళాల నోళ్లు వాచి ఎర్రబడ్డాయి, అవే చుక్కలు. ముందున్న గీతల దగ్గర చుక్కలు లేవన్నారు చూడండి, అక్కడ గ్రంథులే లేవు కాబట్టి చుక్కలూ లేవు. మీరు లైటు వేసి సరిగ్గానే చూశారు.

కాలకపోవడం గురించి. నిప్పు కొస అంగిలికి ఆనదు, పెదాలూ నాలుకా కలిసి దాన్ని మధ్యలో పట్టి ఉంచుతాయి. పెదాలు మూసి ఉంటాయి కాబట్టి గాలి తక్కువ అంది నిమ్మళంగా రాజుకుంటుంది, ఉమ్మి చుట్టూ తడి చేస్తూ ఉంటుంది. పైగా పూత మందమైన కొద్దీ వేడి తెలియడం తగ్గుతుంది. అంగిలికి స్పర్శ ఇచ్చే నరాలు రెండు చోట్ల ఎముక రంధ్రాల్లోంచి వస్తాయి, ముందు పళ్ల వెనక ఒక చోట, చివరి దవడ పళ్ల పక్కన రెండు వైపులా. అవి ఆ పొరలోనే అల్లుకుని ఉంటాయి, పొర దళసరి అయితే వాటి దాకా సెగ చేరడం ఆలస్యం. కాబట్టి నొప్పి లేకపోవడం బాగుందనడానికి గుర్తు కాదు.

మామూలుగా చుట్ట, పైపు తాగేవాళ్ల అంగిలి కూడా ఇలా తెల్లబడి చుక్కలు తేలుతుంది. వాళ్లలో అది కేన్సర్‌గా మారడం అరుదు, మానేస్తే కొన్ని వారాల్లో పోతుంది కూడా. అడ్డపొగ వాళ్ల విషయంలో ఆ ధీమా పనికిరాదు. వేడీ, పొగలోని విషాలూ రెండూ కలిసి నేరుగా అదే చోట పడతాయి. నాలుక అడుగున ఉండి నోటి కింది భాగాన్ని కొంత కాపాడుతుంది, అంగిలికి అడ్డు ఏమీ లేదు. పైన కట్టుడు పళ్ల సెట్టు పెట్టుకుని తాగేవాళ్లని చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది, ప్లేటు కప్పిన మేరా అంగిలి గులాబీ రంగులో ఉంటుంది, ప్లేటు అంచు దాటగానే తెలుపు మొదలు.

తెలుపు మధ్యలో ఎర్రగా ఉన్న చోటు, రెండు వారాలు దాటినా మానని పుండు, చేతికి దళసరిగా తగిలే చోటు, చిగురు జబ్బు లేకుండా పైపళ్లు ఒకటి రెండు కదలడం, బాగా పట్టిన సెట్టు ఉన్నట్టుండి వదులవడం, బుగ్గ మొద్దుబారడం, వీటిలో ఏది కనబడ్డా ఆగకూడదు. మెడ గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

తీరం_కుర్రోడు:

చెల్లీ, డాక్టర్ గారు చెప్పింది విను, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మాది భోగాపురం దగ్గర. మా అమ్మకి అంగిలి మీద చిన్న పుండు వస్తే దగ్గరలో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. నోరు తెరవమని పెదాల వరకూ చూసి, వేడి చేసింది అని విటమిన్ బిళ్లలు, పూతమందు రాశారు. పొగ తాగుతారా అని అడిగారు, లేదంది. మా అమ్మ దృష్టిలో పొగ తాగడం అంటే మగాళ్లు సిగరెట్ కాల్చడం. ఎవరూ అడ్డపొగ గురించి విడిగా అడగలేదు, మాకూ చెప్పాలని తట్టలేదు. నెలలు అలాగే పోయాయి. చివరికి పెద్దాసుపత్రిలో ముక్క పరీక్ష చేస్తే కేన్సర్ అన్నారు, ఒక పక్క అంగిలి, దాని పైన ఎముక తీసేశారు.

ఆపరేషన్ అయ్యాక నోటికీ ముక్కుకీ మధ్య దారి పడింది. మంచినీళ్లు తాగితే ముక్కులోంచి కారేవి, మాట గుణగుణ వచ్చి ఫోన్‌లో మాకే అర్థమయ్యేది కాదు. తర్వాత ఆ కంతని మూసేలా ప్లేటు చేసి ఇచ్చారు, కట్టుడు పళ్లతో కలిపి. అది పెట్టుకుంటే అన్నం తింటుంది, మాట్లాడుతుంది. తీసి కడుక్కోవాలి, మళ్లీ పెట్టుకోవాలి, రోజూ అదొక పని. ఇప్పుడు బాగానే ఉంది, మనవలతో కబుర్లు చెప్తుంది.

మాన్పించడం గురించి ఒక మాట. తిట్టకండి. మనవాళ్లు దీన్ని సరదాకి మొదలెట్టలేదు. ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోదు, తడి చేతులతో పట్టుకోనక్కర్లేదు, బూడిద చంటిపిల్ల మీద పడదు. పదేళ్ల పిల్లగా ఉండగా వాళ్లమ్మ చుట్ట వెలిగించి ఇమ్మంటే ఇచ్చి ఇచ్చి అలవాటైపోయినవాళ్లే ఎక్కువ. పంటి పోటు తగ్గుతుందని కూడా తాగుతారు. మా అమ్మ ఆపరేషన్ ముందు మానలేదు, తర్వాత మానేసింది. ముందే మానుంటే అని మా నాన్న ఇప్పటికీ అంటుంటాడు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు "పొగ తాగుతారా" అన్న ప్రశ్నకి సమాధానం నువ్వే చెప్పు, ఎలా తాగుతుందో కూడా చెప్పు.

అనాటమీ_మేడమ్:

మెడ గురించి నేను రాస్తాను. ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలకి చెప్పే పాఠం ఇది. చెయ్యి పెట్టి నేర్చుకోవాల్సిన విషయం కాబట్టి ముందు మీ మెడ మీదే చూసుకోండి, తర్వాత అమ్మమ్మది.

తల ఒక పక్కకి తిప్పితే, చెవి వెనక ఎముక నుంచి ఏటవాలుగా దిగి గొంతు గుంట దాకా వచ్చే కండరం తాడు కట్టినట్టు తేలుతుంది. దాని పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్. మెడకి అది సరిహద్దు గీత. దానికి ముందు ఒక త్రికోణం, వెనక ఒక త్రికోణం. మెడలో దేని గురించి మాట్లాడినా దీనికి ముందా, వెనకా, కిందా అన్నదే మొదటి ప్రశ్న.

బిళ్ల కట్టింది అంటామే, అది లింఫ్ గ్రంథి వాయడం. మన శరీరంలో లింఫ్ గ్రంథులు సుమారు 800 ఉంటే అందులో 300 దాకా మెడలోనే ఉంటాయి. నోరు, ముక్కు, గొంతు బయటి గాలికీ తిండికీ తెరిచి ఉన్న దారులు, వాటి నుంచి వచ్చే లింఫ్ ద్రవమంతా గుండె వైపు వెళ్లే ముందు వీటి గుండా వడగట్టుకుని వెళ్తుంది. పంటికి చీము పట్టినా, గొంతు నొప్పి చేసినా ఇవే వాస్తాయి, నొప్పి పెడతాయి, తగ్గిపోతాయి. నోట్లో కేన్సర్ ఉంటే దాని కణాలు కూడా ఈ దారినే వచ్చి ఇక్కడే చిక్కుకుంటాయి. నోట్లోది మెడలో తెలియడం అంటే ఇదే. గట్టి అంగిలి నుంచి వచ్చే ద్రవం ఎక్కువగా దవడ మూల కింద, ఆ కండరం ముందు అంచు దగ్గర ఉన్న గ్రంథులకి చేరుతుంది, కొంత దవడ కింద ఉన్నవాటికి, కొంత గొంతు వెనక చేతికి అందని చోటికి. నాలుకతో పోలిస్తే గట్టి అంగిలికి ఈ దారులు తక్కువ, అందుకే నాలుక కేన్సర్ మెడకి పాకినంత తరచుగా అంగిలిది పాకదు. కానీ పాకదని కాదు.

ఇక మీ చేతికి తగిలినవి. దవడ కింద రెండు పక్కలా మెత్తగా ఒకేలా ఉన్నవి ఉమ్మి గ్రంథులే అయ్యే అవకాశం ఎక్కువ. వయసు మీద పడ్డాక చర్మం వదులై అవి కిందికి జారి బాగా తగులుతాయి. చెవి కింద, దవడ మూలకీ చెవి వెనక ఎముకకీ మధ్య లోతుగా గట్టిగా తగిలేది చాలాసార్లు మెడ మొదటి వెన్నుపూస పక్క కొమ్ము, సన్నటి మనిషైతే స్పష్టంగా తెలుస్తుంది. కుడి పక్క కూడా అదే చోట నొక్కి చూడండి. గొంతుముడికి కాస్త పైన హయాయిడ్ అని ఒక ఎముక ఉంటుంది, వేరే ఏ ఎముకతోనూ అది కీలు కట్టదు, కండరాలే దాన్ని పట్టుకుని ఉంటాయి, దాని కొసలు తగిలి గడ్డ అని హడలిపోయి వచ్చేవాళ్లు ఉన్నారు. గొంతుముడి పై అంచు ఎత్తులో పక్కకి చెయ్యి జరిపితే కొట్టుకుంటూ తగిలేది కెరోటిడ్ రక్తనాళం. సరిగ్గా అక్కడే అది రెండుగా చీలుతుంది, ఒకటి మెదడుకి, ఇంకోటి ముఖానికి. అక్కడ గట్టిగా నొక్కకండి, రెండు పక్కలా ఒకేసారి అసలు నొక్కకండి, ముసలివాళ్లకి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

అనుమానించాల్సింది ఇలా ఉంటుంది. ఒక పక్కే ఉండి, రెండో పక్క దాని జత లేకపోవడం. సెంటీమీటరు దాటి ఉండటం. రాయిలా గట్టిగా ఉండి, వేలితో పక్కకి జరిపితే జరగకపోవడం. నొప్పి లేకుండా వారాల తరబడి పెరగడం. మన దేశంలో మెడ బిళ్లలకి టీబీ కూడా పెద్ద కారణమే, కాబట్టి బిళ్ల ఉంది అనగానే కేన్సర్ అని గుండె రాయి చేసుకోనక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. మెడలో గడ్డ ఉందని ఎవరి దగ్గరికో వెళ్లి అక్కడికక్కడ కోయించుకోకండి. వెనక త్రికోణంలో భుజం ఎత్తే కండరానికి వెళ్లే నరం, పదకొండో కపాల నరం, చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. మా బంధువుల్లో ఒకావిడకి ఒక చోట అలా బిళ్ల తీశారు, తీసింది టీబీ బిళ్ల, తెగింది ఆ నరం. ఇప్పటికీ ఆ చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేదు. ముందు నోరు, గొంతు పూర్తిగా చూడాలి, తర్వాత సన్న సూదితో కాసిన్ని కణాలు లాగి పరీక్ష చేయాలి, కోయడం ఆ తర్వాత మాట.

రిటైర్డ్_హెల్త్_సూపర్‌వైజర్:

ఈ సంగతి కొత్తగా బయటపడ్డది కాదని పిల్లలకి తెలియాలి. కోస్తా ఆంధ్రలో నిప్పు కొస నోట్లో పెట్టి తాగే చుట్ట వల్ల అంగిలి కేన్సర్ వస్తోందని 1957లోనే వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత 1969లో అచ్చయిన పెద్ద సర్వేలో దేశంలో 5 జిల్లాల్లో 50,915 మంది పల్లె జనం నోళ్లు చూశారు, ఆ అయిదులో మన శ్రీకాకుళం ఒకటి, మిగతావి ఎర్నాకుళం, భావనగర్, దర్భంగా, సింగ్‌భూమ్. 1971లో ఆంధ్రలో అడ్డపొగ మీదే విడిగా 10,169 మంది అంగిళ్లు చూసి రాశారు. బొంబాయి టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ వాళ్లతో పాటు డెన్మార్క్ నుంచి పింద్‌బోర్గ్ అనే పెద్ద శాస్త్రవేత్త ఆ పనిలో ఉన్నారు. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది కాబట్టి అప్పటి శ్రీకాకుళం అంటే బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి కూడా కలిసి.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఆ తర్వాతిది. ఇదే జిల్లాతో కలిపి మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లని తీసుకుని, ఇంటింటికీ వెళ్లి నోరు చూసి, మాన్పించడానికి ప్రయత్నించారు, 1986లో ఫలితాలు వచ్చాయి. చెప్పి మాన్పించిన చోట అంగిలి మచ్చలు కొత్తగా రావడం బాగా తగ్గింది. అంటే ముసలితనంలో మానేసి ఏం లాభం అనే మాట తప్పు. ఇంత తెలిసి కూడా మన ఊళ్లలో నోరు తెరిపించి చూసే మనిషి ఇప్పటికీ అరుదు, బీపీ, షుగర్ చూసినంత మామూలుగా ఇది కూడా చూడాలి.

గార_పిల్ల:

అందరికీ చాలా థాంక్స్, నిజంగా. మేడమ్, మీరు చెప్పినట్టు అమ్మ చేత వీడియో కాల్‌లో చూపించుకున్నాను, చెవి కింద గట్టిది కుడి పక్క కూడా అదే చోట ఉంది. కొంచెం ఊపిరి వచ్చింది. తీసుకెళ్దామని అంటే ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ. మామయ్య ఒప్పుకోవడం లేదు, ముక్క తీస్తే రాచపుండు పాకిపోతుంది, కత్తి తగలనంత వరకే మనిషి బాగుంటుంది అంటున్నాడు. అమ్మమ్మకి షుగర్ కూడా ఉంది. ఇంకోటి, ఎడమ చెవి అప్పుడప్పుడు పోటు పెడుతుందట, ఇప్పుడు అడిగితే చెప్పింది. దానికీ దీనికీ సంబంధం ఉందా? ముక్క ఎలా తీస్తారో చెప్తే మామయ్యకి ఫోన్ ఇచ్చి చదివిస్తాను.

పళ్ల_డాక్టర్_విజయనగరం:

చెవి పోటు సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. చెవిలో ఏమీ లేకుండానే చెవి నొప్పి రావచ్చు, గొంతు వెనక భాగానికీ నడిచెవికీ స్పర్శ ఇచ్చేది ఒకే నరం, తొమ్మిదో కపాల నరం, అక్కడ బాధ ఉంటే ఇక్కడ తెలుస్తుంది. మెత్తటి అంగిలి కండరాల్లో ఒకటి ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టాన్ని తెరుస్తుంది, అది సరిగ్గా పనిచేయకపోయినా చెవి దిబ్బడ, పోటు. అరిగిపోయిన దవడ కీలు వల్ల, పుచ్చు పన్ను వల్ల కూడా రావచ్చు. కాబట్టి ఒక్కసారికే చెవి, ముక్కు, గొంతు కూడా చూపించండి.

మామయ్య గారికి. అయ్యా, కత్తి తగిలితే పాకుతుందనే మాట ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. మన ఊళ్లలో జనం ఆసుపత్రికి వచ్చేదే బాగా ముదిరాక, అప్పుడు ముక్క తీస్తారు, కొన్నాళ్లకి మనిషి పోతాడు, చూసినవాళ్లకి ముక్క తీయడం వల్లే పోయాడనిపిస్తుంది. పాకేది ఆలస్యం వల్ల. అంగిలి మీద ముక్క తీయడం అంటే ఇంత. చివరి దవడ పళ్ల పక్కన నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గర మత్తు సూది వేస్తారు, ఆ సూది నొప్పి ఉంటుంది, అబద్ధం చెప్పను. ఆ పక్కంతా మొద్దుబారాక ఎర్ర మచ్చ అంచు నుంచి బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద ముక్క తీస్తారు. పొర ఎముకకి అతుక్కుని ఉంటుంది కాబట్టి దగ్గరికి లాగి కుట్టడం కుదరదు, మందు అద్ది వదిలేస్తారు, అదే పూడుకుంటుంది. అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు, రెండు మూడు రోజులు మెత్తటి చల్లటి తిండి. షుగర్ ఉంటే మానడం కాస్త ఆలస్యం, అందుకే ముందు షుగర్ చూసి అదుపులో ఉంటేనే తీస్తారు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకూడదు.

రిపోర్టులో పూత మందమెక్కింది అనే వస్తే చుట్ట మాని, చెప్పిన తేదీలకి చూపించుకుంటూ ఉంటే సరిపోతుంది. డిస్ప్లాసియా అని వస్తే కణాలు దారి తప్పడం మొదలైంది, ఇంకా కేన్సర్ కాలేదు అని అర్థం. అందులో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని ఉంటాయి, ఎక్కువైతే ఆ పొర వరకూ తీసేస్తారు. కేన్సరే అయినా చిన్నగా ఉన్నప్పుడు దొరికితే పైన చెప్పిన అమ్మగారికి అయినంత పెద్ద ఆపరేషన్ అవసరం పడకపోవచ్చు.

శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రికి ముందు వెళ్లండి, పళ్ల విభాగం, ఈఎన్‌టీ రెండూ ఒకే చోట చూపించుకోవచ్చు. అక్కడి నుంచి అవసరమైతే వైజాగ్ ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి గానీ, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి గానీ పంపుతారు, మీరు వైజాగ్‌లోనే ఉన్నారు కాబట్టి అది మీకే సులువు. రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద కేన్సర్ చికిత్సకి ఉంది, రేషన్ కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. చుట్ట మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 జాతీయ ఉచిత నంబరు.

వెళ్లే రోజు పొద్దున్న మాత్రం అమ్మమ్మని చుట్ట తాగకుండా బతిమాలి తీసుకెళ్లండి, బూడిద, పొగాకు పసరు అంటుకుని ఉంటే పొర అసలు రంగు తెలియదు. ఒకసారి నీళ్లు పుక్కిలించి ఉమ్మించండి. పైసెట్టు పళ్లు ఉంటే డాక్టర్ అడగకపోయినా తీసి చూపించమనండి.